‘ఇంటర్న్ కావలెను’ పోస్టు గారికి

మహారాజశ్రీ ‘ఇంటర్న్ కావలెను’ పోస్టు గారికి,

లింక్డ్‌ఇన్‌లో, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో రాకెట్ బొమ్మతో సహా రోజూ దర్శనమిస్తున్నారు, సంతోషం. మీ స్టార్టప్ కంపెనీలో ఉన్నది ఇద్దరే ఫౌండర్లు. మీకు కావాల్సింది మాత్రం రియాక్ట్, నోడ్, ఫ్లట్టర్, ఏడబ్ల్యూఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ విద్యలన్నీ వచ్చి, తీరిక దొరికితే రీల్స్ కూడా తీసిపెట్టే సెకండియర్ కుర్రాడు. ఇన్ని వచ్చినవాడు మీ దగ్గరికెందుకు వస్తాడండీ? వాడే ఇంకో పోస్టు పెట్టుకుంటాడు.

స్టైపెండ్ దగ్గరికొచ్చేసరికి మీకు ఎక్కడలేని మొహమాటం. ‘పనితీరును బట్టి’ అంటారు. మాదాపూర్ హాస్టల్ ఓనరు అద్దె అలా తీసుకోడే! అంకె వేయండి. 5 వేలైతే 5 వేలే, ఏ తారీఖున ఇస్తారో కూడా రాయండి. అసలు ఇవ్వలేరా? ఆ మాటే రాసి, పని తగ్గించండి: ఇంటినుంచే, వారానికి 10 గంటలు, 6 వారాలు. రూపాయి ఇవ్వకుండా రోజంతా ఆఫీసుకు రమ్మంటే హైదరాబాద్‌లో ఇల్లున్న పిల్లలే వస్తారు. వరంగల్, గుంటూరు పిల్లలు పోస్టు చదివి పక్కకు జరిపేస్తారు.

సర్టిఫికెట్‌తో ఊరించకండి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకీ బీటెక్‌కీ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక, ఫీజు కడితే సర్టిఫికెట్ చేతిలోపెట్టే దుకాణాలు వీధివీధినా వెలిశాయి. ఆ బేరంలో మీరు నెగ్గలేరు. మీ దగ్గరున్న సరుకు వేరు. పెద్ద కంపెనీలో ఇంటర్న్ రాసిన కోడ్ చాలాసార్లు చివరిరోజు డెమోతో సరి. మీ దగ్గర శుక్రవారం రాసింది సోమవారం కస్టమర్ చేతిలో ఉంటుంది. ‘ఎదిగే అవకాశం’ కొట్టేసి ఇలా రాయండి: ‘కిరాణా షాపుల ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తున్నాయి, వాటినుంచి బిల్లు తయారుచేసే పేజీ కావాలి, 8 వారాలు, రోజూ అరగంట ఫౌండరే కూర్చుని చూస్తారు.’ ఆ అరగంట లేదంటారా, అయితే ఇంటర్న్ కూడా వద్దు.

‘చిన్న అసైన్‌మెంట్’ పేరుతో మీ యాప్ పేమెంట్ పేజీ మొత్తం కట్టించుకోవడం మానండి. 50 మంది కట్టి పంపితే ఒక్కరికీ జవాబుండదు. ఆ సంగతి స్క్రీన్‌షాట్‌గా క్యాంపస్ అంతా తిరిగాక, వచ్చే ఏడు జూనియర్లు కూడా రారు. మీ ప్రొడక్టుతో సంబంధంలేని 100 లైన్ల కోడ్‌లో 3 తప్పులు పెట్టి, 2 గంటల్లో పట్టుకుని ఎలా దొరికాయో రాయమనండి. వారంలోగా అవుననో కాదనో చెప్పండి.

వెతకడమంటారా, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు వందలమందిని తీసుకునే కంపెనీలే ముద్దు. మీ మెయిల్ అడుగున పడిపోతుంది. కోడింగ్ క్లబ్ సీనియర్లను పట్టుకోండి. హ్యాకథాన్‌లో (అదే, కోడింగ్ పోటీలో) ఫస్ట్ ప్రైజ్ వాళ్లవెంట అందరూ పడతారు. రాత్రి 2 గంటలకు కూలిన డెమోను తెల్లారేలోగా నిలబెట్టిన టీమును కదపండి. ఇంటర్న్‌లు చేరిన రోజే మధ్యాహ్నానికి మీ కోడ్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఆడాలి. కోడ్‌ను ఎలా నడపాలో చెప్పే సరైన రీడ్‌మీ ఫైలు లేకపోతే మొదటివారం పాస్‌వర్డులు అడుక్కోవడానికే చాలదు.

ఇట్లు,
మిమ్మల్ని చదివి చదివి విసిగినవాళ్లు

తా.క. మే నెలలో వచ్చి ‘వెంటనే చేరాలి’ అనకండి. ఎండాకాలం ఇంటర్న్‌లకు ఫిబ్రవరిలో, జనవరిలో చేరే ఫైనలియర్ వాళ్లకు అక్టోబరులో అడగాలి. పరీక్షలు వాయిదా పడతాయి కాబట్టి 2 వారాలు వెసులుబాటు ఉంచండి. కాలేజీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలంటే లెటర్‌హెడ్ మీద, తేదీలతో ఆఫర్ లెటర్ ఇవ్వండి. ‘యూ ఆర్ ఇన్ బ్రో’ అన్న వాట్సాప్ మెసేజ్ మీద హెచ్‌ఓడీ గారు సంతకం పెట్టరు.