పెద్ద నంబరే మంచిదన్న చిన్నాయన

మా చిన్నాయనకు ఒక నమ్మకం ఉంది. ఏ వస్తువైనా సరే, నంబరు పెద్దదైతే అదే మంచిది. ఫోను కొన్నా, ఫ్యాను కొన్నా, ఇన్వర్టర్ బ్యాటరీ కొన్నా అంగడాయన్ను అడిగే మాట ఒక్కటే: "దీనికంటే పెద్ద నంబరుది లేదా?" ఇన్నేళ్లలో ఈ నమ్మకం ఆయన్ను ఎప్పుడూ ముంచలేదు. వీడియోల జోలికి పోయేదాకా.

ఆయన పెళ్లి 1999లో జరిగింది. ఆ పెళ్లి వీడియో ఉన్న వీహెచ్ఎస్ క్యాసెట్‌కు పెద్ద చరిత్రే ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి రెండూ కర్నూల్లోకి వచ్చినప్పుడు కొండారెడ్డి బురుజు దగ్గరి వాళ్లింట్లో పరుపులు, బియ్యం మూటలు, కంప్యూటర్ స్పీకర్లు అన్నీ నీళ్లపాలయ్యాయి. క్యాసెట్ మాత్రం అటక మీదుండి బతికింది. ఆ భయంతో స్టూడియోలో ఇచ్చి డీవీడీ చేయించారు. చేయించి, బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా పెట్టి, చూడటం మర్చిపోయారు.

పెళ్లయి పాతికేళ్లు నిండాయని నంద్యాల నుంచి చిన్నమ్మ పుట్టింటోళ్లు, అనంతపురం నుంచి మా పెద్దత్త వస్తున్నారు. భోజనాలయ్యాక అందరికీ టీవీలో పెళ్లి చూపించాలని చిన్నాయన పట్టు పట్టాడు. డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పాతసామాన్లోడికి పోయింది. ఇక మిగిలింది పెన్‌డ్రైవ్.

డీవీడీలోని ఫైళ్లను అలాగే పెన్‌డ్రైవ్‌లో వేశాడు. డీవీడీలో వీడియో ఒక్క ముక్కగా ఉండదు, వీఓబీ అనే ఫైళ్లుగా, ఒక్కొక్కటి ఒక జీబీకి మించకుండా ఉంటుంది. టీవీ వాటిని ముట్టనంది. దానికేం అని ఫైలు పేరు చివర వీఓబీ తీసేసి ఎంపీ4 అని రాశాడు. టీవీ అప్పుడూ వద్దంది. హార్లిక్స్ సీసాలో కందిపప్పు పోసినంత మాత్రాన పాలల్లో కలుపుకొని తాగలేం కదా. ఎంపీ4, ఎంకేవీ అనేవి సీసాలు. లోపల వీడియోను ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే సంగతి, డీవీడీలో అయితే అది పాతకాలపు ఎంపెగ్-2. ఇంత వివరంగా చెబితే చిన్నాయన అన్నాడు: "సీసా సంగతి నాకెందుకు అబ్బోడా, పెళ్లి కనపడితే చాలు."

తర్వాత ఎక్కడి నుంచో ఒక కన్వర్టర్ దించుకున్నాడు. ఉచితం అన్నది పెద్ద అక్షరాల్లో ఉంది, ట్రయల్ అన్నది చిన్న అక్షరాల్లో ఉంది. వీడియో తయారైంది గానీ తెర మధ్యలో ఆ కంపెనీ పేరు అడ్డంగా పడింది. సరిగ్గా మూడు ముళ్లు వేసే చోట చిన్నమ్మ మొహం మీద "ఇప్పుడే కొనండి" అని ఉంది. చిన్నమ్మ చూసి ఏమీ అనలేదు. ఆ పూట చారు మాత్రం గొంతు దిగలేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు బీటెక్ చదివే మేనల్లుడు. "హ్యాండ్‌బ్రేక్ వేసుకో మామా, నిజంగానే ఉచితం, ఎవరి పేరూ పడదు" అన్నాడు. మంచి సలహానే. 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ అది, డీవీడీలను ఇలా మార్చుకోవడానికి చేతికి అందేది. కాకపోతే తెరవగానే అడిగే ప్రశ్నలే ఎక్కువ.

మొదటి ప్రశ్న, ఏ పద్ధతిలో కుదించాలి? హెచ్.264 ఉంది, 2003 నాటిది, దాదాపు ప్రతి టీవీ, ప్రతి ఫోను ఆడిస్తుంది. హెచ్.265 ఉంది, 2013లో వచ్చింది, దాదాపు అదే నాణ్యతను ఇంకా తక్కువ చోటులో సర్దుతుంది, కానీ పాత టీవీలకు అర్థం కాదు. 2018లో వచ్చిన ఏవీ1 కూడా ఉంది. మేనల్లుడు ఏవీ1 గురించి మొదలుపెట్టగానే చిన్నాయన ఆపేశాడు. "ఒకటా? అంటే ఇంకా మొదట్లోనే ఉందన్నమాట. అనుభవం ఉన్నది చూడు." 264, 265 పక్కపక్కన కనిపిస్తే ఆయన దేన్ని ఎంచుకున్నాడో చెప్పాల్సిన పని లేదు.

మే నెల కర్నూలు. రాత్రంతా వీడియో మారుస్తూ కంప్యూటర్ ఫ్యాను బోరు మోటారును మించి మోగుతోంది, గదిలో చెయ్యి పెడితే కాలేటట్టుంది. తెల్లారుజామున కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్యోమని అరిచి ఊరుకుంది. మళ్లీ మొదటి నుంచి. చివరికి తయారైన ఫైలును టీవీకి పెడితే, ఇది నాకు రాదు పొమ్మంది.

మర్యాదగా 264కు దిగొచ్చాడు. అక్కడ రెండో ప్రశ్న, నాణ్యత ఎంత? దానికో జరిపే గీత ఉంటుంది, నంబర్లు 0 నుంచి 51 దాకా. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. నంబరు పెరిగే కొద్దీ బొమ్మ చెడుతుంది, ఫైలు చిన్నదవుతుంది. మామూలు డీవీడీకి 20 దరిదాపుల్లో పెడితే సరిపోతుంది. చిన్నాయన 51 పెట్టాడు. వచ్చిన వీడియోలో మనుషులు లేరు, రంగు రంగుల చదరాలున్నాయి. ఒక పసుపు చదరం ఇంకో ఎర్ర చదరం మెడలో ఏదో కడుతోంది. కోపమొచ్చి ఆ చివర నుంచి ఈ చివరకు, 0కు లాగాడు. ఈసారి అసలు డీవీడీ కంటే పెద్ద ఫైలు పుట్టింది. లేని నాణ్యతను ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు, ఉన్న మసకను మాత్రం భద్రంగా ఎంత జాగాలోనైనా దాస్తుంది. దాన్ని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేయబోతే ఫైలు మరీ పెద్దదంటూ కంప్యూటర్ మొండికేసింది. "అంతా ఖాళీగానే ఉంది కదరా!" అని చిన్నాయన లబలబలాడాడు. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత అమరికలో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలును తీసుకోదు, ఎంత ఖాళీ ఉన్నా సరే.

ఆఖరికి మేనల్లుడే కూర్చుని 20 దగ్గర పెట్టాడు. శబ్దం సంగతి వచ్చేసరికి చిన్నాయన కలగజేసుకున్నాడు. "మేళాన్ని ముట్టుకోవద్దు అల్లుడూ, ఉన్నది ఉన్నట్టు రానీ." డీవీడీలోని శబ్దం, ఏసీ3 అనే పద్ధతిలో ఉన్నది, అలాగే వచ్చేసింది. కంప్యూటర్‌కు స్పీకర్లు లేవు కాబట్టి ఎవరూ విని చూడలేదు.

పెళ్లిరోజున ఓలిగలు, చిత్రాన్నం అయ్యాక అందరూ టీవీ ముందు చేరారు. బొమ్మ చక్కగా వచ్చింది. పక్కన నల్ల పట్టీలు ఎందుకు, డబ్బులు పోసి కొన్న టీవీ అని చిన్నాయన రిమోట్‌తో సాగదీస్తే పెళ్లికూతురు అడ్డంగా లావెక్కింది. చిన్నమ్మ ఒక చూపు చూసింది, పట్టీలు వెనక్కి వచ్చాయి. శబ్దం మాత్రం రాలేదు. ఈ ఆడియో తనకు చేతకాదని టీవీ ఒక మూల రాసి ఊరుకుంది.

మూగ పెళ్లి సాగుతోంది. భోజనాల బంతి వచ్చింది. నంద్యాల అవ్వ నేతి గిన్నె పట్టుకుని పెద్దత్త విస్తరి మీదికి వంగి ఏదో అంటోంది.

"ఇదిగో, ఇక్కడే అనింది!" పెద్దత్త లేచి నిలబడింది. "ఎంత నెయ్యి పోసినా వీళ్లకు చాలదు అని. పాతికేళ్లుగా చెప్తాంటే ఎవురన్నా నమ్మినారా?"

"మా అమ్మ అట్లా అనలేదు వదినా, ఇంకొంచెం వేసుకో అనింది. ఆ పెదాలు చూడు!" అన్నాడు నంద్యాల మామ.

వెనక్కి తిప్పారు. మళ్లీ తిప్పారు. గది రెండు పక్షాలైంది. పెదాల కదలికలో "చాలదు" ఉందా "వేసుకో" ఉందా అని రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుని టీవీ దగ్గరకు పోయాడు.

"శబ్దం తెప్పిస్తా ఉండండి" అని మేనల్లుడు పక్క గదిలోకి పరుగెత్తాడు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టుతో వీడియోను కదిలించకుండా శబ్దాన్ని ఒక్కదాన్నే టీవీకి తెలిసిన ఏఏసీ అనే పద్ధతిలోకి మార్చొచ్చు. రాత్రంతా ఆగక్కర్లేదు, నిమిషాల పని. నల్ల తెర మీద ఏదో ఒక వరస కొట్టి, పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి టీవీకి గుచ్చాడు.

అందరూ ఊపిరి బిగబట్టారు. నేతి గిన్నె వచ్చింది. అవ్వ వంగింది. నోరు తెరిచింది.

జోరుగా సినిమా పాట మొదలైంది. గణపతి పూజ నుంచి అప్పగింతల దాకా పెళ్లి మొత్తానికీ స్టూడియో ఆయన పాటలే పరిచాడు. మనుషుల మాట ఒక్కటీ లేదు.

పెద్దత్త కొంగు దోపుకుంటూ తీర్పు చెప్పేసింది. "నాకు అప్పుడే తెలుసు, ఆ వీడియో తీసినోడు ఆడపెళ్లోళ్ల మనిషని."