రెండు పూటలకే తగ్గిన మోకాలి నొప్పి

అలిపిరి నుంచి కొండపైకి సుమారు మూడున్నర వేల మెట్లు. మోకాళ్ల పర్వతం దాటేసరికి ఎంతటివారికైనా పిక్కలు పట్టేస్తాయి. తిరుపతిలో నొప్పుల తైలాలకు, మూలికల పొడులకు గిరాకీ లేని కాలమంటూ ఉండదు. సీసా మీద శేషాచలం పేరుంటే సగం బేరం అక్కడే కుదిరిపోతుంది. పుత్తూరు కట్టు కోసం పక్క రాష్ట్రాల నుంచి జనం వచ్చే ప్రాంతమిది. ఆకుపసరు మీద గురి ఇక్కడ తరాల నాటిది.

ఆ గురిని వెక్కిరించాల్సిన పనిలేదు. మార్ఫిన్ పుట్టింది గసగసాల మొక్క పాల నుంచే. విల్లో చెట్టు బెరడు మీద సాగిన పరిశోధనే చివరికి ఆస్పిరిన్‌కు దారితీసింది. మిరపకాయకు మంటనిచ్చే కాప్సైసిన్‌ను నరాల నొప్పికి పూతమందుగా వాడుతున్నారు. శల్లకి చెట్టు బంక కీళ్ల అరుగుదల నొప్పిని కొంత తగ్గిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. అదీ వారాల తరబడి వాడితే.

పనిచేసే గుణం ఉన్న మొక్కకు హాని చేసే గుణమూ ఉంటుంది. అడవినాభిలోని కోల్చిసిన్‌ను గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పికి డాక్టర్లు అర మిల్లీగ్రాము మాత్రగా రాస్తారు. అదే మొక్క దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. కూరలో వేసే పసుపుతో భయం లేదు. దాని సారాన్ని గాఢంగా తీసి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే వాటి జోలికి పోకపోవడమే మేలు. పైపూతలనూ తేలిగ్గా తీసుకోకూడదు. ఘాటైన వాసనతో చల్లగా తగిలే వింటర్‌గ్రీన్ నూనె ఒక టీస్పూన్ కడుపులోకి పోతే, దాదాపు ఇరవై ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. ఆ సీసాను మంచం పక్కన పిల్లలకు అందేలా పెట్టే ఇళ్లెన్నో!

నా అసలు అనుమానం మాత్రం మొక్కల మీద కాదు, వేగం మీద. చీటీ (లేబుల్) లేని పొట్లం తెచ్చుకుని, ‘రెండు పూటలకే లేచి తిరుగుతాండా, ఆకుమందే గదన్నా, ఏం చేస్తాది?’ అనేవాళ్లు మన చుట్టూ కనిపిస్తారు. ఏళ్ల నాటి మోకాలి నొప్పిని రెండు పూటల్లో మాయం చేసే మూలిక నాకు తెలిసి లేదు. ఆ పని చేసేవి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వంటివి. ‘సహజం’ అంటూ అమ్మిన ఆర్ట్రి కింగ్ అనే కీళ్ల మాత్రల్లో ఈ రెండూ చీటీ మీద చెప్పకుండా కలిపారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. స్టెరాయిడ్ కలిసిన పొడి తింటే ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా అవుతుంది. ఒళ్లు చేసిందని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. లోపల షుగర్ పెరుగుతుంటుంది, ఎముకలు గుల్లబారుతుంటాయి.

ఇదికాక లోహాల గొడవ ఒకటి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో అమెరికాలో వెలువరించిన అధ్యయనంలో, ఐదో వంతు మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది.

చట్టం ప్రకారం ఆయుర్వేద మందు తయారీకీ లైసెన్సు ఉండాలి. చీటీ మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో రాయాలి. తిరుపతిలోనే ఆయుర్వేద కళాశాల, దానికో ఆసుపత్రి ఉన్నాయి. అక్కడి వైద్యుల్ని అడక్కుండా, పేరూ ఊరూ లేని పొట్లాన్ని నమ్మడం నాకు అర్థం కాదు. అధికారులు కూడా ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా, రోడ్డు పక్కన అమ్మే పొడుల నమూనాలు తీసి స్టెరాయిడ్ కోసం పరీక్షించి, ఫలితాలు బయటపెట్టాలి.

ఇదంతా చదివి, నెలలుగా తింటున్న పొడిని ఇవాళే పారేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే, ఉన్నట్టుండి మానడం వల్ల బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లుగా తింటున్నారో దాచకుండా చెప్పండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన చెబుతారు.