కాపలాదారుకు కాపలా

ట్రాన్స్‌పరెంట్ కవర్ పచ్చబడటం అనే సమస్యను సమాజం మరీ తేలిగ్గా తీసుకుంటోందని నా అభిప్రాయం. ఫోను రంగు నలుగురికీ కనపడాలన్న సదుద్దేశంతో మనిషి ఏరికోరి రంగులేని కవర్ కొంటాడు. కొన్ని నెలలు తిరిగేసరికి కవర్ తనకంటూ ఒక రంగు సంపాదించుకుంటుంది. లోపలున్న నీలం ఫోను బయటికి ఆకుపచ్చగా కనిపించడం మొదలవుతుంది. ఇంత అన్యాయం జరిగితే పౌరుడు ఊరుకుంటాడా? ఊరుకోడు. వంట సోడా డబ్బా తీస్తాడు.

ఆ తర్వాత జరిగే కార్యక్రమాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. మొదట సబ్బు నీళ్ళు. అవి ఫలించకపోతే వంట సోడా ముద్ద. తర్వాత వెనిగర్, ఆ తర్వాత టూత్‌పేస్ట్, చివరికి బ్రహ్మాస్త్రంగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రాత్రంతా నానబెట్టడం. సొంత చొక్కా కాలరు మీద ఈ శ్రద్ధలో పదోవంతు చూపించని మనిషి ఒక ప్లాస్టిక్ తొడుగును ఒళ్ళో పెట్టుకుని, పాత బ్రష్షుతో మూలమూలలా తోముతూ కూర్చుంటాడు. తెల్లారాక దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని "కాస్త తేలినట్టుంది కదూ?" అని ఇంట్లోవాళ్ళని అడుగుతాడు. సంసారం నిలబడాలి కాబట్టి ఇంట్లోవాళ్ళు అవునంటారు.

రసాయన శాస్త్రానికి అలాంటి మొహమాటం లేదు. ఈ మెత్తటి కవర్లు చాలావరకు టీపీయూ, అంటే థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్ అనే పదార్థంతో చేసినవి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి, ఫోను వేడీ చేతి వేడీ తోడై, ఆ పదార్థంలోని అణువుల నిర్మాణమే మారిపోతుంది. పసుపు కవర్ మీదికి ఎక్కలేదు, కవరే పసుపుగా మారింది. పైన పేరుకున్న జిడ్డు వదిలి ఒక పిసరు తేలితే తేలుతుంది, అంతకుమించి తోమేవాడి చెయ్యి నొప్పే మిగులుతుంది. తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి మనకన్నా ముందే తెలుసు. అందుకే చాలా కవర్లలో మొదట్లోనే కాస్త నీలి ఛాయ కలుపుతారు, పచ్చబడినా వెంటనే కంటికి ఆనకుండా. ముసలితనం ఎలాగూ వస్తుందని పుట్టగానే జుట్టుకు రంగేసి పంపడం లాంటిది ఇది.

ఇదంతా విని కొందరు సాధకులు నీరుగారిపోతారేమో. అలా కాకూడదు. ఫలితంతో పని లేకుండా తోముతూ పోవడంలోనే మన గొప్పతనం ఉంది. ఫలితం కావాలనుకుంటే కొత్త కవర్ కొనుక్కునేవాళ్ళం కదా.

అసలు మన రక్షణ వ్యవస్థ ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. ఫోను ముందుండే అద్దాన్ని కార్ఖానాలోనే గట్టిపరుస్తారు. సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో దాన్ని ముంచితే, అద్దం పైపొరలో ఉన్న చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి వాటి స్థానంలో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఆ ఇరుకే అద్దానికి బలం. దాని మీద వేలిముద్రల జిడ్డు తేలిగ్గా వదిలేందుకు నానోమీటర్లలో కొలవాల్సినంత పలుచటి పూత పూస్తారు. ఐఫోన్లలో ఈ పూత 2009లో వచ్చిన 3జీఎస్‌తో మొదలైంది. ఇంత తపస్సు చేసి తెచ్చిన అద్దాన్ని మనం ఒక్క క్షణం కూడా నమ్మం. పెట్టె విప్పిన పూటే దాని మీద టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం. వెనక బ్యాక్ కవర్. కెమెరా కళ్ళకు రింగులు. ఆ కవర్‌కు మరకలు పడతాయని అంతటినీ కలిపి ఒక పౌచ్‌లో పెట్టుకునే దూరదృష్టిపరులు కూడా ఉన్నారు. ఫోనుకు కాపలా కవర్, కవర్‌కు కాపలా మనం. జీతం లేదు, సెలవు లేదు, పైగా ఉద్యోగంలో చేరడానికి డబ్బు కట్టింది కూడా మనమే.

ఈ ఏర్పాటుకు కంపెనీల ఆశీస్సులు పుష్కలంగా ఉన్నాయి. 2016లో ఆపిల్ ఐఫోన్ 7ను జెట్ బ్లాక్ అనే నిగనిగలాడే నలుపులో తెచ్చింది. తొమ్మిది దశల్లో అనోడైజ్ చేసి, అంటే విద్యుత్తుతో లోహం మీద గట్టి పొర తెప్పించి, పాలిష్ పట్టి ఆ మెరుపు తెప్పించామని సగర్వంగా చెప్పుకుంది. అదే చోట, వాడుతున్నకొద్దీ సన్నటి గీతలు కనిపించవచ్చని, దాని గురించి దిగులు ఉంటే కవర్ వేసుకోండని కూడా రాసింది. పదో దశ మన చేతుల్లో పెట్టారన్నమాట. వ్యాపార ప్రకటనల చరిత్రలో ఇంత నిజాయితీ అరుదు. ఆ మాట పాటించినవాళ్ళు తొమ్మిది దశల మెరుపును జేబులో పెట్టుకుని తిరిగారు, చూసిన పాపాన మాత్రం పోలేదు.

పోనీ కవర్ లోపల ఫోను క్షేమంగా ఉందా అంటే, ఇక్కడే కంచె చేను మేసే ఘట్టం వస్తుంది. చాలాకాలంగా విప్పని కవర్ని ఒకసారి విప్పి చూడండి. నాలుగు మూలల్లో జేబు నూలుపోగులు ఉండలు కట్టి ఉంటాయి. బటన్ల దగ్గర ఒక నల్లటి గీత. చార్జింగ్ కన్నం చుట్టూ బూడిదరంగు అంచు. కెమెరా దిమ్మె పక్కన, వేలితో తాకితే గరగరలాడే నాలుగు ఇసుక రేణువులు. నడిచినప్పుడల్లా, జేబులోంచి తీసి పెట్టినప్పుడల్లా ఈ రేణువులు ఫోనుకూ కవర్‌కూ మధ్య నలుగుతూనే ఉంటాయి. బయటి శత్రువుల సంగతి కవర్ చూసుకుంటోంది, లోపలివాళ్ళకు వసతి కూడా అదే ఏర్పాటు చేసింది.

ఈ సందర్భంగా ఒక నిర్దోషిని విడుదల చెయ్యాలి. ఫోను మీద గీత పడిందంటే అందరి వేలూ జేబులోని తాళంచెవి వైపే చూపిస్తుంది. విచారణ లేదు, సాక్ష్యం లేదు. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త ఏది దేన్ని గీరగలదో తేల్చే కొలమానం ఒకటి తయారుచేశాడు. 1 దగ్గర టాల్క్, 10 దగ్గర వజ్రం. ఇత్తడి తాళంచెవి అందులో 3, 4 మధ్య ఉంటుంది. ఫోను అద్దం దాదాపు 6. మెత్తటిది గట్టిదాన్ని గీరలేదు కాబట్టి, తాళంచెవి రాసుకుంటే చాలాసార్లు దాని లోహమే కొంచెం అద్దానికి అంటుకుంటుంది. మనం గీత అనుకుని గుండె బాదుకునేది తాళంచెవి ఒంటి మీది తునక. తుడిస్తే పోతుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7 మీద కూర్చుని ఉంది. అసలు ముద్దాయి అదే. దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు. ఇంకా విచిత్రం, ధూళి పట్టిన ఫోనును తుడవాలని గుడ్డతో గట్టిగా అదిమి, ఆ ఇసుకను అద్దం మీద గుండ్రంగా తిప్పేది మనమే.

తుడవడం అన్నాను కాబట్టి ఆ కళను కాస్త దగ్గరగా చూద్దాం. మనిషి ఫోనును నోటి దగ్గరికి తెచ్చి "హా" అని ఊదుతాడు. తెర మీద పొగమంచు పరుచుకుంటుంది. అది ఆరేలోపు చొక్కా అంచు లాగి గబగబా రుద్దుతాడు. ఇప్పటిదాకా చెంప తాకిన చోట గుండ్రంగా ఉన్న జిడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి సమంగా పరుచుకుంటుంది. తెర వెలుగుతున్నంతసేపూ అది కనపడదు, కాబట్టి శుభ్రమైనట్టే. తెర ఆరిపోగానే నల్లటి అద్దంలో తన ముఖం, దాని మీద అడ్డంగా తుడుపు చారలు. మళ్ళీ "హా". ఊపిరి సరిపోయినంతవరకూ ఇది సాగుతుంది.

చొక్కా అంచు స్థాయి దాటినవాళ్ళు టూత్‌పేస్ట్ పంథాలోకి వస్తారు. పళ్ళ మీద పాచి గీకడానికి పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి వేస్తారు, సిలికా, కాల్షియం కార్బనేట్ లాంటివి. గట్టి ప్లాస్టిక్ మీద పైపై గీతల్ని అది కొంత నునుపు చెయ్యగలదు, ఆ మేరకు ఒప్పుకోవాలి. అద్దం సంగతి వేరు. అద్దం మీద లోతైన గీత ఉందంటే అక్కడ కాస్త అద్దం ఊడిపోయిందని అర్థం. పోయిన అద్దాన్ని పేస్ట్ తెచ్చిపెట్టదు. అది చెయ్యగలిగిన పని ఒకటుంది, ఇందాక చెప్పిన జిడ్డు వదిలే పూతను అరగదీయడం. పూత పోయాక వేలిముద్రలు ఇంకా బాగా పట్టుకుంటాయి. పట్టుకున్నకొద్దీ తుడుస్తాం. తుడిచినకొద్దీ మిగిలిన పూత పోతుంది. మనిషికి జీవితాంతం పని కల్పించే పథకం ఇంత చవగ్గా ఇంకోటి లేదు. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం వాడితే పథకం మరింత త్వరగా అమలవుతుంది. కవర్ల విభాగంలో ఇదే సేవను మెలమైన్ స్పాంజ్ చేస్తుంది. చూడ్డానికి దూదిలా ఉండే అతి సన్నటి గరుకు కాగితం అది. మ్యాట్ కవర్ మీద నల్లమరకను మాయం చేస్తుంది, ఆ చోట ఒక మెరిసే మచ్చ మిగిల్చి పోతుంది. ఇక మిగతా కవర్ అంతా ఆ మెరుపుకు సరిపోయేలా రుద్దాలి.

ఆల్కహాల్ విషయంలో పెద్దలే మాట మార్చారు. ఫోను మీద క్రిమిసంహారకాలు వాడొద్దని చాలాకాలం చెప్పిన ఆపిల్, 2020 మార్చిలో ప్రపంచమంతా కనపడ్డదల్లా కడుగుతున్న వేళ, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో సున్నితంగా తుడుచుకోవచ్చని సలహా సవరించింది. మనవాళ్ళు "సున్నితంగా" అన్న మాట దగ్గర పేజీ మూసేసి చేతి శానిటైజర్ పిండారు. చెయ్యి పొడిబారకుండా చాలా శానిటైజర్లలో గ్లిజరిన్ వేస్తారు. క్రిములు పోయాయి, వాటి స్థానంలో కొత్త జిడ్డు వచ్చింది.

ధూళినీ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ68 అనే గుర్తు రాసి ఉంది కదా అని ఫోనును కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగే వీరుల గురించి ఎక్కువ చెప్పను. అందులో 6 ధూళికి, 8 నీటికి. ఆ పరీక్ష మంచినీళ్ళలో, కొత్త ఫోను మీద జరుగుతుంది. వాడేకొద్దీ లోపలి సీళ్ళు బలహీనపడతాయి, నీళ్ళు దిగితే వారంటీ సాధారణంగా వర్తించదు. మరక మాత్రం పోతుంది. ఒక్కోసారి దాంతోపాటు ఫోనూ పోతుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది మరకల మధ్య ఉన్న వివక్ష. తోలు కవర్ మీద చేతి చెమట పట్టి, రంగు ముదిరి, అంచులు నల్లబడితే దాన్ని పటినా అని ముద్దుగా పిలుస్తారు, వాడకంతో వచ్చిన అందమని మురిసిపోతారు. అదే చెమట, అదే చెయ్యి, పక్కనున్న సిలికాన్ కవర్ మీద పడితే మురికి. కొత్త జీన్స్ జేబులో పెట్టిన తెల్ల కవర్‌కు ఇండిగో రంగు ఎక్కితే ఇంట్లో పంచాయితీ జరుగుతుంది. ఆ రంగు, బాల్‌పెన్ సిరా లాంటివి పైనే ఆగకుండా మెత్తటి పదార్థం లోపలికి ఇంకుతాయి కాబట్టి పంచాయితీ తీర్పు కూడా అమలు కాదు. 2023లో ఆపిల్ తోలు మానేసి ఫైన్‌వోవెన్ అనే నేత కవర్ తెచ్చింది. అది త్వరగా గీరుకుపోతోందని, మరకలు పడుతున్నాయని కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది ఐఫోన్ 16కు ఆ కవర్ రాలేదు. తోలు చేసిన పనే నేత చేసింది, దాన్ని మాత్రం పటినా అని పిలిచేవాడు దొరకలేదు.

చివరికి గుడ్డకు కూడా హోదా వచ్చింది. 2021లో అదే కంపెనీ తుడుచుకునే గుడ్డ ఒకటి అమ్మకానికి పెట్టి, అది ఏయే పరికరాలకు సరిపోతుందో వరసగా జాబితా ఇచ్చింది. జాబితాలో మన ఫోను పేరు ఉందో లేదో చూసుకునే గుడ్డ పెట్టాలి. నియమం అంటే అలా ఉండాలి.

కర్తవ్యం కాబట్టి సరైన పద్ధతి కూడా చెప్పేస్తాను, ఎవరూ పాటించరన్న ధైర్యంతో. ఫోను ఆపి, చార్జర్ తీసి, ముందు ధూళి మెల్లగా దులిపి, కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. స్పీకర్ జాలీకి పొడి మెత్తని బ్రష్. టీపీయూ, సిలికాన్ కవర్లనైతే విప్పి గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి తొడగాలి. మైక్రోఫైబర్ గుడ్డను ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ లేకుండా ఉతకాలి. మొత్తం కొద్ది నిమిషాల పని. ఇందులో నానబెట్టడం లేదు, రహస్య మిశ్రమం లేదు, ఇంట్లోవాళ్ళని అభిప్రాయం అడిగే ఘట్టమూ లేదు. ఇంత చప్పటి పద్ధతి ప్రజల్లోకి ఎలా వెళ్తుంది?

ఇంత సేవా ఎవరికోసమో తేలేది ఫోను అమ్మేరోజు. ఆ రోజు కవర్ తీసి, వెనక భాగం తుడిచి, ఫొటోల కోసం బల్ల మీద బోర్లా పడుకోబెడతాం. అప్పుడు చూస్తాం, ఇన్నేళ్ళూ మన చేతిలో ఉన్నది ఇంత చక్కటి నీలమా అని. కొనడానికి వచ్చినాయన కూడా చూస్తాడు. అటూ ఇటూ తిప్పి, గీతలేవీ లేవని తృప్తిపడి, డబ్బు ఇచ్చే ముందు ఒక్కటే అడుగుతాడు.

"దీనికి కవర్ దొరుకుతుందా అండీ?"