డబుల్ డోర్ ఎవరి కోసం?

మార్చి దాటితే చాలు, నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కలా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనూ, మిర్యాలగూడలోనూ ఎలక్ట్రానిక్స్ షాపుల ముందు షామియానాలు లేస్తాయి. మన దగ్గర ఎండలూ పెండ్లిళ్లూ ఒకేసారి వస్తాయి కాబట్టి ఫ్రిజ్‌లు కొనేదీ ఎక్కువగా అప్పుడే. షాపులోకి వచ్చినవాళ్లు ముందు అడిగేది సింగిల్ డోరా, డబుల్ డోరా అని. తర్వాత రంగు. ఆ తర్వాత నెలకు కిస్తీ ఎంత అని. ఫ్రిజ్ ఎంత కరెంటు తింటుందో చెప్పే, తలుపు మీద అతికించిన స్టార్ లేబుల్‌ను వంగి చదివేవాళ్లు తక్కువ. నలుగురుండే మామూలు ఇంటికి దక్షిణ తెలంగాణలో సరిపోయే ఫ్రిజ్ 180, 200 లీటర్ల మధ్య ఉండే ఫైవ్ స్టార్ సింగిల్ డోర్. అంతకు మించి పెట్టే డబ్బు చాలా ఇండ్లలో వాడకం కోసం కాదు, చూసేవాళ్ల కోసం.

ముందు మన ఎండ సంగతి చూద్దాం. ఫ్రిజ్ చలిని తయారు చేయదు, లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. నీళ్లు లోతుకు పోయినకొద్దీ బోరు మోటారుకు కరెంటు ఎక్కువ కావాల్సినట్టే, గది ఎంత వేడిగా ఉంటే కంప్రెసర్‌కు అంత పని. అందుకే ప్రతి ఫ్రిజ్‌కూ క్లైమేట్ క్లాస్ అని ఒకటి ఉంటుంది. ‘ఎన్’ అంటే చుట్టూ 32 డిగ్రీల దాకా, ‘ఎస్‌టీ’ అంటే 38 దాకా, ‘టీ’ అంటే 43 దాకా సరిగ్గా పని చేసేలా తయారైందని అర్థం. అంటే ఉష్ణదేశాల కోసమని చెప్పే క్లాస్ కూడా 43 దగ్గర ఆగిపోతుంది. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం వంటగది బయటికన్నా చల్లగా ఉంటుందని ఎవరూ అనరు. అలాంటి చోట కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పెట్టె ఎంత పెద్దదైతే బయటి వేడి లోపలికి దిగే గోడలూ అంత పెద్దవి. షాపులో ఏసీ గాలి కింద నిలబెట్టిన ఫ్రిజ్‌ను చూసి, రేకుల కింద అది ఎలా పని చేస్తుందో అంచనా వేయలేం.

ఈ వేడి చివరికి కరెంటు బిల్లులో తేలుతుంది. 2024లో మొదలైన ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద రేషన్ కార్డున్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఆ గీత దాటితే దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసల లెక్కన 1,020 రూపాయలు అవుతుంది. మిగతా చార్జీలు దాని మీద అదనం. ఒక్క యూనిట్ తేడాతో సున్నా నుంచి వెయ్యి దాటిపోతాం.

మే నెలలో ఒక మామూలు ఇంటి లెక్క వేసి చూడండి. 200 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లు. పాత రకం 75 వాట్ల ఫ్యాన్లు మూడు, రోజుకు పద్నాలుగు గంటల చొప్పున తిరిగితే దాదాపు 95. బల్బులు, టీవీ, మిక్సీ, నీళ్ల మోటారు అన్నీ కలిపి ఒక 25 వేసుకుందాం. అప్పటికే 180. ఇక ఫ్రిజ్‌కు మిగిలింది 20 యూనిట్లే. లేబుల్ మీద ఏడాదికి 132 యూనిట్లు అని ఉన్న ఫ్రిజ్ నెలకు 11 తింటుంది. మే వేడికి ఇంకొంచెం ఎక్కువ తిన్నా గీత లోపలే ఉంటాం. అదే లేబుల్ మీద 240 ఉంటే నెలకు సరిగ్గా 20. మే వేడికి అది 20 దగ్గర ఆగదు. ఆ రెండు ఫ్రిజ్‌ల మధ్య తేడా మామూలు నెలలో తొమ్మిది యూనిట్లే, అంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మే నెలలో అదే తొమ్మిది యూనిట్లు వెయ్యి రూపాయలకు పైగా తీసుకుపోతాయి. కూలి డబ్బుల మీద నడిచే ఇంట్లో వెయ్యి రూపాయలంటే చిన్న మాట కాదు. ఫ్రిజ్ కొనేటప్పుడు ఈ లెక్క వేసి చూపించే సేల్స్‌మన్ నాకు ఇంతవరకు కనిపించలేదు.

స్టార్ల గురించి ఒక మాట. ఆ స్టార్లు అదే సైజు, అదే రకం ఫ్రిజ్‌లతో పోల్చి ఇచ్చేవి. కాబట్టి పెద్ద ఫైవ్ స్టార్ ఫ్రిజ్ చిన్న త్రీ స్టార్ కన్నా ఎక్కువ కరెంటు తినొచ్చు. పైగా ఆ కొలమానాన్ని కొన్నేళ్లకోసారి బిగిస్తారు. 2023 జనవరిలో అలాగే బిగించారు. గోదాంలో మిగిలిన పాత స్టాక్ మీద పాత స్టార్లే ఉంటాయి. అందుకే స్టార్లు లెక్కపెట్టడం కన్నా వాటి కింద రాసిన యూనిట్ల అంకె చదవాలి, ఆ లేబుల్ ఏ ఏడాది దాకా చెల్లుతుందో చూడాలి.

డబుల్ డోర్ ఫ్రిజ్‌లు దాదాపు అన్నీ ఫ్రాస్ట్ ఫ్రీ రకమే. మంచు పేరుకోకుండా ఉండాలంటే లోపల ఒక ఫ్యాన్ తిరగాలి, మధ్యమధ్య ఒక హీటర్ వెలగాలి. చల్లబరిచే పెట్టెలో హీటర్ పెట్టి, ఆ వేడిని మళ్లీ బయటికి తోడడానికి ఇంకొంత కరెంటు ఖర్చు చేయాలి. పైగా ఆ ఫ్యాన్ గాలికి మూత పెట్టని కొత్తిమీర, తోటకూర తొందరగా వాడిపోతాయి. ఫ్యాన్ లేకుండా చల్లబరిచే సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్ రకంలో ఈ బాధ తక్కువ. కాకపోతే ఐస్ గడ్డకట్టినప్పుడు బటన్ నొక్కి కరగనివ్వాలి. అది కరిగేదాకా ఆగలేక కత్తితో గీకేవాళ్లు ఉన్నారు. కత్తి మొన తగిలి పైపుకు బొక్క పడితే గ్యాస్ మొత్తం పోతుంది. ఇప్పుడు ఎక్కువగా నింపుతున్న ఆర్600ఏ గ్యాస్ మంట అంటుకునేది కూడా. అందుకే ఆ పని అస్సలు చేయొద్దు.

డబుల్ డోర్ కావాల్సిన ఇండ్లు లేవని కాదు. ఆరేడుగురున్న ఉమ్మడి కుటుంబం, ఇంటి దగ్గరే పాలు, ఐస్‌క్రీం అమ్ముకునేవాళ్లు, మాంసం వారాల తరబడి దాచుకోవాల్సినవాళ్లు తీసుకుంటే తప్పులేదు. చాలా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దాకా పోదన్నదీ నిజమే. కానీ ఆదివారం తెచ్చిన మటన్ ఆదివారమే వండుకునే ఇండ్లు మనవి. పాలు, పెరుగు, దోసె పిండి, రాత్రి మిగిలిన కూర, నాలుగు రోజుల కూరగాయలు. చింతకాయ తొక్కు, ఆవకాయ ఫ్రిజ్ లేకుండానే ఏడాది నిలుస్తాయి. ఎండాకాలం ఫ్రిజ్ నిండిపోయేది నీళ్ల సీసాలతో. గంటకోసారి తలుపు తీయడం, వేడి నీళ్ల సీసా లోపల పెట్టడం, కంప్రెసర్ మీద బరువు పెంచేవి ఇవే. నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్ ఒకటి నీడన పెట్టుకున్న ఇంట్లో 190 లీటర్లలో ఇంకా చోటు మిగులుతుంది.

ఇంత తేలిక లెక్క జనానికి తెలియక కాదు. కొనేవాళ్లు ఒకరు, వాడేవాళ్లు ఇంకొకరు అయినందుకే ఈ లెక్క పక్కకు పోతోంది. పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఎండాకాలం అమ్ముడుపోయే డబుల్ డోర్లు పెండ్లి సామానులో ఎన్ని పోతున్నాయో డెలివరీ ఇచ్చే డీసీఎం వ్యాన్ డ్రైవర్లను అడిగితే చెప్తారు. మంచం, బీరువా, కూలర్, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్. అత్తగారి వాకిట్లో సామాను దించేటప్పుడు ఊరంతా చూస్తుంది కాబట్టి సింగిల్ డోర్ పెడితే తక్కువ చేశారంటారేమోనని తండ్రికి టెన్షన్. మగపెండ్లివాళ్లు నోరు తెరిచి అడగకపోయినా, ‘పెద్ద బిడ్డకు ఏం పెట్టారు?’ అన్న ఒక్క మాట చాలు. పదివేలు ఎక్కువ పోసి, అప్పు చేసి, గాజు తలుపుల ఫ్రిజ్ కొంటారు. బొంబాయి, పుణె పనులకు పోయి తెచ్చిన కూలి డబ్బులు ఇట్లా తలుపుల లెక్కలో కరిగిపోవడం చూస్తే కడుపు మండుతుంది.

ఆ ఫ్రిజ్ పోయే ఇల్లు ఎలాంటిది, రేకులా స్లాబా, వంటగదిలో దాని వెనకా పక్కలా గాలి ఆడే చోటుందా, బోర్లు నడిచేటప్పుడు ఊళ్లో వోల్టేజీ ఎంతకు పడిపోతుంది, స్టెబిలైజర్ కావాలా, ఇవేవీ కొనేరోజు ఎవరూ అడగరు. రేపటి నుంచి ఆ తలుపు తీసేది, తుడిచేది, బిల్లు ఎందుకు పెరిగిందని మాట పడేది పెండ్లికూతురు. ఆమెను షాపుకు తీసుకుపోయే ఇండ్లు కూడా తక్కువే. తీసుకుపోయినా రంగు చూపించమంటారు, లేబుల్ చదవమనరు.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పెండ్లిలో వధూవరులకు ఇచ్చిన ప్రతి కానుకనూ, దాని సుమారు విలువనూ జాబితాగా రాసి ఉంచాలని, దాని మీద ఇద్దరూ సంతకం చేయాలని 1985 నిబంధనలు చెప్తున్నాయి. ఆ జాబితా రాసే పెండ్లి మన ఊళ్లలో ఎక్కడుంది? ఫ్రిజ్ అమ్మాయి కోసమే అని అందరూ అంటారు, బిల్లు మాత్రం తండ్రి పేరునో అల్లుడి పేరునో ఉంటుంది. అమ్మాయి కోసమే అయితే ఆ డబ్బు ముందుగా ఆమె బ్యాంకు ఖాతాలో వేయండి. పెండ్లయ్యాక కొత్త ఇంట్లో నెల రోజులుండి, మీటరు ఎంత తిరుగుతోందో, వంటగది ఎంత వేడెక్కుతుందో చూసుకుని ఏది కావాలో ఆమే తెచ్చుకుంటుంది. అట్లా కాదు, ముందే పెట్టాల్సిందే అంటే కనీసం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని లేబుల్ మీది అంకె చదివించండి. బిల్లు ఆమె పేరు మీద రాయించండి, వారంటీ కార్డు మీదా ఆమె పేరే ఉండాలి.