గెడ్డ వాళ్ళది, తాళంచెవి ఇంకొకరిది

విశాఖలో మా వీధికి ఒక్క పూట కుళాయి నీళ్ళు రాకపోతే మధ్యాహ్నానికల్లా ఫిర్యాదులు వెళ్తాయి, సాయంత్రానికి ట్యాంకరు వస్తుంది. ఈ నగరానికి నీళ్ళిచ్చే జలాశయాల్లో తాటిపూడి ఒకటి. అది గోస్తని మీద ఉంది. ఆ గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో.

మొన్న మే నెలలో ఆ కొండల మీది ఒక గూడేనికి వెళ్ళాను. ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో గెడ్డ (కొండవాగు) నుంచి ఎగువకు ఎక్కి వస్తున్నారు. ఊరి మధ్యలో సిమెంటు ట్యాంకు, సోలార్ పలకలు, నాలుగు కుళాయిలు ఉన్నాయి. మోటారు కాలిపోయి రెండు నెలలైంది. పంపుగదికి తాళం వేసి ఉంది. తాళంచెవి మండల కేంద్రంలో ఎవరి దగ్గరో ఉందట.

నిజానికి ఆ ఊరికి అంతకు ముందే నీళ్ళుండేవి. ఊరికన్నా ఎత్తులో ఊట, దాని దగ్గర చిన్న తొట్టె, అక్కడి నుంచి పల్లానికి వచ్చే పైపు. మోటారు లేదు, కరెంటు అక్కరలేదు. ఒక పెద్దాయన నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. పైపు మొదట్లో కట్టిన జల్లెడకు పట్టిన ఆకులూ నాచూ వేళ్ళతో తీసేసి, వంగి పైపుకు చెవి ఆనించి విన్నారు. "ఇప్పుడు నిండుగా పారుతోంది బాబూ" అన్నారు. కానీ ఆ నీరు ఊరికి చేరదు. కొత్త పథకం కోసం గోతులు తవ్వినప్పుడు కింద పైపు తెగింది. అతికించిన వారు లేరు. నీరంతా తుప్పల్లోకి పోతోంది. అయినా ఆయన జల్లెడ శుభ్రం చేస్తూనే ఉన్నారు.

"గిరిజనులకు అప్పగిస్తే నడపలేరు" అనే మాట ఎన్నిసార్లు విన్నానో! పైపు చప్పుడును బట్టి నీటి పారుదల చెప్పగల మనిషి నడపలేరా?

పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతాలకు, విస్తరించిన 1996 నాటి పీసా చట్టం ప్రకారం అక్కడ తమ వ్యవహారాలు తామే చూసుకునే ఒక్క గూడెం కూడా గ్రామమే, దానికీ గ్రామసభ ఉంటుంది. ఏ పథకమైనా ఆ సభ ఆమోదించాకే మొదలుపెట్టాలి. ఖర్చు సరిగా జరిగిందని పంచాయతీకి ధ్రువీకరణ ఇవ్వాల్సింది కూడా ఆ సభే. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలవి. మన రాష్ట్రంలో 2011లో ఆ చట్టానికి నియమాలూ వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంత భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పుకు దారితీసిన కేసు పుట్టింది కూడా ఈ అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంత భూముల మీదే. ఇంత చరిత్ర ఉన్న చోట, ట్యాంకు ఎక్కడ కట్టాలో ఊరిని అడిగిన పాపాన పోలేదు.

డబ్బు ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే అప్పగిస్తే అది స్వపరిపాలన కాదు, చేతులు దులుపుకోవడం. తాళంచెవితో పాటు మరమ్మతుల నిధి, విడిభాగాలు ఊరి చేతికే ఇవ్వాలి. ఇద్దరు యువకులకు పని నేర్పి జీతం ఇవ్వాలి. ఊట ఊరికన్నా ఎత్తులో ఉంటే మోటారు జోలికే పోవద్దు. గ్రామసభ సరేననే దాకా బిల్లు చెల్లించవద్దు.

అనకాపల్లి జిల్లా రావికమతం, రోలుగుంట మండలాల్లోని కొండ గూడేల సంగతి ఇంకా ఘోరం. ఐదో షెడ్యూలులో లేవు కాబట్టి వాటికి పీసా కూడా వర్తించదు. మనుషులు వాళ్ళే, కొండలు అవే. ముందు వాటిని షెడ్యూలులో చేర్చండి.