సోలార్ కప్పు కింది సైకిల్ ట్రాక్ గారికి, పాలమూరు నుంచి

మహారాజశ్రీ హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు సైకిల్ ట్రాక్ గారి సముఖమునకు, మహబూబ్‌నగర్ వాస్తవ్యుడైన ఒక పాత సైకిల్ ఓనరు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. కాకపోవడానికి కారణమూ కనబడదు. నెత్తిన 16 మెగావాట్ల సోలార్ పలకలు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పున నున్నటి దారి. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన నాటి నుంచి తమరికి ఎండ బాధ లేదు. మా దగ్గర అంత నీడ దొరికేది పిల్లలమర్రి అనే ఒక్క పెద్ద మర్రిచెట్టు కిందనే. దానికీ చెదలు పట్టి 2018లో మందు కలిపి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. రోడ్ల పక్కనున్న మిగతా చెట్లకు ఆ సెలైన్ భాగ్యం కూడా లేదు. వెడల్పు చేస్తామని కొలతల టేపు పట్టుకొని ఎవరైనా దిగితే ముందు చెట్లకే వణుకు.

తమరి పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. బాగుంది. కానీ ఈ దారి పట్టుకొని టమాటాలు తెచ్చుకునేదెవరు, పిల్లను బడిలో దింపొచ్చేదెవరు? తమరి దర్శనానికి వచ్చేవాళ్లు సైకిల్‌ను కారు వెనక కట్టుకొని మరీ వస్తున్నారు. అంటే పట్నంలో నిశ్చింతగా సైకిల్ తొక్కాలంటే ముందు కారు కొనాలన్నమాట. వాళ్లను తప్పుపట్టను. పొద్దున తొమ్మిదింటికి గచ్చిబౌలి చౌరస్తాలో సైకిల్ మీద కుడి పక్కకు తిరగమని పగవాడికి కూడా చెప్పలేం.

ఇంకో సంగతి. తమరికి కంకర మోసినవాళ్లలో మా జిల్లా వాళ్లు లేరని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. పాలమూరు లేబర్ చెయ్యి పడకుండా ఈ దేశంలో పెద్ద పనులు తక్కువే లెండి. వాళ్లలో కొందరు అక్కడి అపార్టుమెంట్లలోనే వాచ్‌మన్లుగా నిలబడ్డారు. నైట్ డ్యూటీ దిగి, టిఫిన్ క్యారేజీ హ్యాండిల్‌కు తగిలించుకొని, వెనక ఎర్ర లైటు కూడా లేని సైకిల్ మీద టిప్పర్ల నడుమ గదికి పోతారు. ఆ గది తమరు పోయే వైపు ఉండదు. తమరు వ్యాయామానికి పుట్టారు, వాళ్లకు వ్యాయామం కొరత లేదు.

ఒకప్పుడు సర్కారుకు మా మీద ఎంత శ్రద్ధ ఉండేదో! డబుల్స్ పోతే పోలీసాయన ఆపేవాడు. రాత్రి లైటు లేకుంటే చక్రంలో గాలి తీసేవాడు. ఇప్పుడు మా గాలి ఎవరూ తియ్యరు, మేం రోడ్డు మీద ఉన్నట్టు గుర్తిస్తే కదా!

పాలమూరులో సైకిల్ చచ్చిపోలేదు. పేపర్ వేసే పిల్లలు, ఇడ్లీ డబ్బా కట్టుకొని గల్లీలు తిరిగేవాళ్లు, తాపీ సంచిలో వేసుకొని లేబర్ అడ్డా మీదికి పోయే మేస్త్రీలు ఇంకా తొక్కుతూనే ఉన్నారు. వాళ్లకోసం ఏర్పాట్లు కూడా ఉన్నాయి. రోడ్డు మధ్యన డివైడర్ కట్టారు. ఎదురుగా కనిపిస్తున్న దుకాణానికి పోవాలంటే యూటర్న్ దాకా తొక్కి, అంతే దూరం వెనక్కి తొక్కాలి. బండి వాడికి అది చిటికెడు పెట్రోలు, మేస్త్రీకి మోకాళ్లు. ఓపిక లేనివాడు రాంగ్‌సైడ్ వస్తాడు, అప్పుడు అందరికీ ట్రాఫిక్ రూల్స్ గుర్తొస్తాయి. ఇక రోడ్డు అంచున తెల్లగీత అవతల మొత్తం మాదే అంటారు. అక్కడ ఇసుక, ఆగిన ఆటో, మిర్చి బజ్జీల బండి, ఉన్నట్టుండి తెరుచుకునే కారు తలుపు ఉంటాయి. మొన్న ఒక ఆఫీసుకు పోతే గేటు దగ్గరి గార్డు నా సైకిల్‌ను చూసి, "పెద్దాయనా, దాన్ని బయట గోడకు ఆనించు" అన్నాడు. లోపల బైకులకు షెడ్డు ఉంది.

తమరి డచ్చి చుట్టాల కథ వేరే. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాలకు మూడు వేల మందికి పైగా పోయారు, అందులో నాలుగు వందలకు పైగా పిల్లలే. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. పిల్లల చావులు ఆపమని అడిగారు. మెల్లగా సైకిల్ దారులు ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు పాకాయి. కప్పు లేదు, సోలార్ లేదు. అక్కడ వానలో తడుస్తూనే తొక్కుతారట.

కాబట్టి మాకూ కప్పు వద్దు. బస్టాండు నుంచి గడియారం చౌరస్తా దాకా ఒక బారెడు దారి, ఆటోలు ఎక్కకుండా పక్కన చిన్న కట్ట, డివైడర్‌లో అక్కడక్కడా సైకిల్ పట్టేంత సందు ఇప్పించమని పైవాళ్లకు తమరైనా ఒక మాట చెప్పండి. తమరి మాటకు పట్నంలో విలువుంది, మేం ఇచ్చే కాగితాలు ఫైల్లోనే కూర్చుంటున్నాయి. శాంక్షన్ అయిందే అనుకోండి, ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల కార్లు ఎక్కడ పెట్టిస్తారని మాత్రం టెన్షన్ పడకండి. కొత్త సైకిల్ దారి ఉంటుందిగా, దాని మీదే పెట్టుకుంటారు.

ఇట్లు,
బెల్లు తప్ప అన్నీ మోగే సైకిల్ ఓనరు,
మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్