మనసు విప్పమంటారు, హాల్ టికెట్ ఆపుతారు

సెమినార్ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేస్తారు. పదిమంది ఫస్టియర్ పిల్లలు, వాళ్లతో ఒక థర్డ్ ఇయర్ అబ్బాయి. ‘ఇక్కడ చెప్పింది బయటికి పోదు’ అని అతను మాటిస్తాడు. అంతకుముందే హాజరు పట్టీలో అందరి చేతా సంతకాలు పెట్టించి, ఫొటో కూడా తీసి ఉంటారు. ఆ ఫొటో కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం పెట్టుకున్న ఫైల్లోకి వెళ్తుంది. ఊళ్ల నుంచి, తెలుగు మీడియం బడుల నుంచి వచ్చిన పిల్లలకు, ఇంటిల్లిపాదిలో తొలిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు మన కాలేజీల్లో చాలావాటి నుంచి దక్కుతున్న అండ ఇంతే. దానికి తోటి విద్యార్థుల కౌన్సెలింగ్ అని ఘనంగా పేరు పెట్టుకున్నారు.

ఆ ఆలోచనను మేం తప్పుపట్టడం లేదు. ‘నాకూ మ్యాథ్స్-1 పోయింది, సప్లీలో గట్టెక్కాను’ అని ఒక సీనియర్ అంటే జూనియర్‌కు వచ్చే ధైర్యం ఏ నిపుణుడి ఉపన్యాసంతోనూ రాదు. క్లాసులో డౌట్ తెలుగులో అడిగితే వెనక బెంచీ నుంచి వినిపించే కిసుక్కుమనే నవ్వు ఎలా గుచ్చుకుంటుందో అది పడ్డవాడికే తెలుసు. ‘నీ ర్యాంకెంత?’ అనే ప్రశ్న చాలాసార్లు ర్యాంకు గురించి కాదనీ, కులం గురించనీ వాడికే తెలుసు. ఒకరి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు మరొకరు అడగడం సరికాదని ఐఐటీ బాంబే 2023లో తన విద్యార్థులకు రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

మరి ఆ గుండ్రటి కుర్చీల మధ్య పిల్లలు చెప్పుకునేది ఏమిటి? సర్కారు కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఫీజు కట్టందే హాల్ టికెట్ ఇవ్వం అంటున్నారు. లెక్చరర్ చెప్పే ఇంగ్లిష్ అందడం లేదు. మెస్ అన్నం తినలేకపోతున్నాం. ఇందులో ఏ ఒక్కటైనా థర్డ్ ఇయర్ అబ్బాయి చేతిలో ఉందా? జబ్బు అకౌంట్స్ సెక్షన్‌లో ఉంటే మందు సెమినార్ హాల్లో వేస్తున్నారు. ఉదయం మనసు విప్పమన్న కాలేజీయే సాయంత్రం కౌంటర్ దగ్గర ‘బాకీ ఉంది, పో’ అంటుంది.

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలు రోజుల తరబడి గేటు దగ్గర బైఠాయించారు. పదో తరగతి కాగానే ఇల్లు వదిలి వచ్చిన పల్లెటూరి పిల్లలు వాళ్లలో ఎందరో. అడిగింది రెగ్యులర్ వీసీని, అధ్యాపకుల్ని, తినగలిగే తిండిని. ఏ కౌన్సెలింగ్ సరిపెడుతుంది వాటిని?

ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. సర్కారు చెల్లించాల్సిన ఫీజు బకాయిల కోసం 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్‌కే దిగాయి. యాజమాన్యాల గోడు నిజమే కావచ్చు. కానీ సర్కారు మీద కోపం ఫస్టియర్ పిల్లాడి హాల్ టికెట్ మీద తీర్చుకోవడం ఏ న్యాయం?

విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న లెక్క ఆ తీర్పులోనే ఉంది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండి తీరాలంది. చిన్న బృందాలకు మెంటర్లనో కౌన్సెలర్లనో కేటాయించాలని మరోచోట చెప్పింది. ఆ ‘మెంటర్లనో’ అన్న మాటను పట్టుకుని, సీనియర్లను మెంటర్లంటూ చూపించి గట్టెక్కుదామంటే కుదరదు. రెండోది చేసినంత మాత్రాన మొదటిది మాఫీ కాదు.

కౌన్సెలర్లు దొరకడం లేదనీ, దొరికినా పిల్లలు పెద్దలతో నోరు విప్పరనీ యాజమాన్యాలు అంటాయి. కొంత నిజమే. అయితే నోరు విప్పిన తర్వాత ఏమిటి? రాత్రి ఒంటిగంటకు ‘అన్నా, బతకాలని లేదు’ అని జూనియర్ మెసేజ్ పెడితే ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు ఎవరి తలుపు తట్టాలి? మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అని అతనికి ఎవరైనా చెప్పారా? ఎప్పుడు తాను ఆగి, పెద్దవాళ్లకు అప్పగించాలో నేర్పారా? పొద్దున్నే అతనికి ఇంటర్నల్ పరీక్ష. ఆ టెన్షన్‌కు ప్రతిఫలం ఒక సర్టిఫికెట్. ఏదైనా జరగరానిది జరిగితే మాత్రం, ‘మెంటర్ మాకు చెప్పలేదు’ అని అదే కాలేజీ అతని మీదకు నెట్టేయదన్న పూచీ ఎవరిది?

సీనియర్లకు శిక్షణ ఇవ్వండి, ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వండి, వెనకాల జీతం తీసుకునే నిపుణుడిని నిలబెట్టండి. పిల్లలు చెప్పిన సమస్యలు, పేర్లు లేకుండా, ప్రిన్సిపల్ బల్ల మీదకు చేరాలి. వాటికి జవాబు కూడా రావాలి. అడ్మిషన్ల సీజన్‌లో ఊరూరా హోర్డింగులకు దొరికే డబ్బు ఒక్క కౌన్సెలర్ జీతానికి దొరకదంటే నమ్మేవాళ్లు లేరు. గుండ్రటి కుర్చీల ఫొటోలు ఇక చాలు. ప్రిన్సిపల్ గారూ, కౌన్సెలర్ నియామక ఉత్తర్వు చూపించండి. మీ దగ్గర ఆపి ఉంచిన హాల్ టికెట్లు ఎన్నో కూడా చెప్పండి.